చాయ్ పెట్టిచ్చిన మొగడు

"గిదేం నవలనే రమా, మొగడు పొద్దుగాల లేసి చాయ్ పెట్టిస్తే పెండ్లాం ఇల్లిడిసి పోవుడేంది?" అంటూ నర్సవ్వ కత్తెరను చేటలో పడేసింది.

కోరుట్లలో మా వాకిట్లో నలుగురం కూర్చుని బీడీలు చుట్టేటప్పుడు నేను పుస్తకం చదువుతాను. ఏడో తరగతి దాకా చదివింది నేనొక్కదాన్నే. చదివినంతసేపూ నా వంతు బీడీలు వాళ్ళు ముగ్గురూ చుడతారు. ఆ రోజు నవల అయిపోయింది. ఎవరికీ నచ్చలేదు.

"ఏం తక్కువైందట దానికి? ఫ్రిజ్జున్నది, స్కూటీ ఉన్నది," అంది భాగ్య.

"కొవ్వు," అంది కళావతి, బీడీ మూతి మలుస్తూ. "మా ఆయన ఒక్కనాడు చాయ్ పెట్టిస్తే కాళ్ళు కడిగి నీళ్ళు నెత్తిన సల్లుకుంట."

"మీ ఆయన పెట్టిన చాయ్ తాగితే దవాఖానకే పోతవు," అంది భాగ్య.

ముగ్గురూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. తప్పు నవలది కాదు. ఆ చాయ్‌కి ముందు రాత్రి జరిగింది నేను వాళ్ళకు చదవలేదు, పేజీలు తిప్పేశాను. అక్కడ అతను ఆమె జుట్టును చేతికి చుట్టుకుని తలను గోడకేసి కొడతాడు. పన్ను విరిగి గచ్చు మీద పడితే ఆమె చేతే ఊడ్పిస్తాడు. ఆ మాటలు నా నోటెంట వస్తే లోపలి గదిలో బోర్లా పడుకున్న నా బిడ్డ శైలజకు వినపడతాయి. సిరిసిల్లలోని అత్తగారింటి నుంచి వచ్చినప్పటి నుంచీ అది వెల్లకిలా పడుకోలేదు. అడిగినవాళ్ళకు జ్వరమని చెప్పాను. నాకెప్పుడూ చెడే ముందు తోస్తుంది. ఫోన్ మోగితే చావు కబురే అనుకుంటాను. నలుగురికీ చెబితే, పరువు తీశారని అల్లుడు దాన్ని చంపి, ఉరేసుకుందని అంటే? చెప్పకుండా పంపితే? అదీ చావే. మా ఆయన లచ్చయ్య మాత్రం అన్నం కలుపుకుంటూనే అన్నాడు: "మొగడన్నంక చెయ్యి లేస్తది. నేను గొట్టలేదా? నువ్వు సచ్చినవా?" సిరిసిల్ల పెద్దమనుషులకు కబురు పెట్టిందీ ఆయనే. రేపు వస్తే బిడ్డను వాళ్ళతో పంపిస్తానని మాటిచ్చాడు.

"అచ్చేసారి నవ్వొచ్చేది తేవే," అంది భాగ్య. "సారంగాపూర్ల మా చెల్లె ఇంటికాడ గూసుందాం. పుస్తకం ఎట్లున్నా మామిడికాయలన్న దొరుకుతయి."

"గదంత తర్వాత," నర్సవ్వ గొంతు తగ్గించింది. "రేపు అందరం ఈడనే గూసుందాం. పెద్దమనుషులస్తరట గద. శైలజకు మనం గూడ రెండు బుద్ధిమాటలు జెప్పి బండెక్కిద్దాం. ఇది గూడ గా నవలల దాని లెక్కనే జేస్తున్నది. మీ అల్లుడు అరవింద్ బంగారమసొంటి పిలగాడు. మొన్న బస్టాండుల అవ్వా అని నా సంచి మోసిండు."

మిగతా ఇద్దరూ తలలూపారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. వాళ్ళకు తెలిసిందల్లా నేను చదివి వినిపించిందే.

పుస్తకం మళ్ళీ తెరిచి ఆ రాత్రి ఎక్కడుందో వెతికాను.

"నడుమ కొంత సదవలే," అని మొదలుపెట్టాను. జుట్టు, గోడ, పన్ను, చీపురు. ఆకు కత్తిరించే చేతులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. తెల్లారి చాయ్ దగ్గరికి వచ్చేసరికి నర్సవ్వ పక్కకు తిరిగి ఉమ్మింది.

"గప్పుడు పోక ఏం జేస్తది? గిదంత దాసిపెట్టి ఉత్త చాయ్ ముచ్చట సదివితివి. మేమేమో దాన్నే తిట్టబడ్తిమి."

"అమ్మా, జెప్పకే," లోపలి నుంచి శైలజ గొంతు.

"నవలల వాడు గోడకు గొట్టిండు," అన్నాను. "మా అల్లుడు గ్యాస్ పైపుతోని గొట్టిండు, అవ్వా. జ్వరం గాదు. లోపలికి రాండ్రి, వీపు సూడుండ్రి."

కళావతి ఒళ్ళోని చేట దించి లేచి లోపలికి నడిచింది.

"రేపు తప్పకుండ రాండ్రి," అన్నాను, పుస్తకం మూస్తూ. "బిడ్డను పంపనని పెద్దమనుషుల ముంగటనే నేను జెప్త. మా ఆయన నన్ను గొడ్తడు. గప్పుడు మీరెవ్వలు లేసి ఇంటికి పోకుండ్రి."