ఎవరిదో తేలని పిలక

పెనుకొండ దగ్గర పడుతోందంటే చాలు, రత్నమ్మ చేతులు వాటంతటవే జోడైపోతాయి. రైలు కిటికీలోంచి ఒక దండం ఊళ్లోని బాబయ్య దర్గాకు, ఇంకో దండం కొండమీది నరసింహస్వామికి. దేనికి ముందు పెట్టిందో ఎవరూ పసిగట్టకూడదని రెండూ గబగబా పెట్టేస్తుంది. ఆ అలవాటు ఆమెకు ఊరికే రాలేదు.

ఎదురుగా కొడుకు గాంధీ టోపీ పెట్టుకుని మూతి ముడుచుకుని కూచున్నాడు. నలభై ఏడో సంవత్సరం వేసవి కదా, పెట్టెలోని వాళ్లంతా ఎంత దేశభక్తి ఉన్న పిల్లాడో అని మురిసిపోతున్నారు. టోపీ కింద జానెడు పిలక దాగుందని పాపం వాళ్లకేం తెలుసు! ధర్మవరం హైస్కూల్లో వాణ్ని ‘పంతులూ’ అని ఏడిపించని వాడు లేడు. ఈసారి పిలక తీయించకపోతే బడి గడప తొక్కనని మొండికేశాడు. రత్నమ్మ సరేనని బయలుదేరింది గానీ, దారి పొడుగునా మనసు మనసులో లేదు.

ఆ పిలక వెనక పెద్ద కథే ఉంది. రత్నమ్మకు మొదటి ఇద్దరు బిడ్డలూ పురిట్లోనే పోయారు. మూడోవాడు పుట్టినప్పుడు ధర్మవరంలో అత్త సుంకమ్మ, హిందూపురంలో కన్నతల్లి ఉలిగమ్మ ఎవరికి వారు దేవుడి కాళ్లు పట్టుకున్నారు. బిడ్డ దక్కితే పుట్టువెంట్రుకలు నీ దగ్గరే తీయిస్తానని సుంకమ్మ బాబయ్యకు మొక్కింది. సరిగ్గా అదే మాట ఉలిగమ్మ కొండమీది స్వామికి ఇచ్చింది. మొక్కు తీరేదాకా బయటికి చెప్పకూడదన్నది ఇద్దరికీ పెద్దలు నేర్పిన నియమం. కాబట్టి ఇద్దరూ నోరు కుట్టేసుకుని కూచున్నారు. మూడో ఏట గుండు చేయించే మాట వచ్చినప్పుడు గానీ సంగతి బయటపడలేదు. మొక్కులు చూస్తే రెండు, తల చూస్తే ఒకటి.

ఇక చూడాలి వియ్యపురాళ్ల తగవు! ఈమె బాబయ్యా అని పిలిస్తే ఆమె నరసింహులూ అని పిలిచేది. పిల్లవాడు గడుసువాడు, ఎవరి చేతిలో బెల్లం ఉంటే ఆ పేరుకు పలికేవాడు. ప్రతి వేసవిలో వాడికి జ్వరం వచ్చేది. చూడ్డానికి ఉలిగమ్మ రాగానే నీ మొక్కు అడ్డం పడబట్టేనని ఒకరు, కాదు నీదేనని ఒకరు. రత్నమ్మ మొగుడు తిమ్మరాజు మగ్గం గుంతలో దిగి, చెవులు లేనట్టు పోగుల మధ్య నాడె ఆడిస్తూ కాలక్షేపం చేసేవాడు. అటూ ఇటూ నలిగిపోయింది రత్నమ్మే. ఇద్దర్ని మట్టిలో పెట్టిన తల్లి, మూడోవాడి ఒళ్లు వెచ్చబడితే ఆమె ఒళ్లు చల్లబడేది. ఆఖరికి ఒకరోజు ఇద్దరి ముందూ కూలబడింది.

“మీ మొక్కులు మీరే ఎట్లన్నా తేల్చుకోండి. నా బిడ్డను మాత్రం నాకు మిగల్చండి,” అంది.

ఆ మాటకు ఇద్దరూ దిగివచ్చారు. సగం తల బాబయ్యకు, సగం తల స్వామికి అని ఒప్పందం కుదిరింది.

అది ముప్పై ఆరో సంవత్సరం. సుంకమ్మ, రత్నమ్మ, పిల్లవాడు ధర్మవరం నుంచి, ఉలిగమ్మ హిందూపురం నుంచి వచ్చి పెనుకొండ స్టేషన్లో కలిశారు. లాల్‌సాబ్ జట్కాలో వియ్యపురాళ్లిద్దరూ వీపులు తిప్పుకుని కూచుంటే, బండి ఒకవైపే ఒరుగుతోందని, కోపం తగ్గించుకుని సరిగ్గా కూచోమని అతను బతిమాలుకున్నాడు. దర్గాలో చక్కెర చదివింపులయ్యాయి. సాంబ్రాణి పొగలో ఉలిగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, సుంకమ్మ కంటే ఎక్కువగా ఏడ్చింది. ఎంతైనా మనవడు కదా. సుంకమ్మ అది చూసింది. సగం కాకముందే చాలు ఆపమని మంగలితో చెప్పేసింది. కొండమీదికి ఇంకొంచెం ఎక్కువే మిగలనీ అనుకుంది.

మోకాళ్ల నొప్పులతో సుంకమ్మ కొండ ఎక్కలేక కిందే ఉండిపోయింది. పైన స్వామి ముందు పిల్లవాణ్ని కూచోబెట్టాక ఉలిగమ్మ కిందికి చూసింది. ఎర్రటి ఎండలో, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని, పైకే చూస్తూ నిలబడి ఉంది సుంకమ్మ. ఉలిగమ్మ గుండె కలుక్కుమంది. నడినెత్తిన కాస్త ఉంచు, అది బాబయ్యకు చెల్లాలని మంగలికి చెప్పింది.

కిందికి దిగాక బోడిగుండు నడుమ ఆ పిలక చూసి సుంకమ్మ నోరు తెరిచింది. “ఇదేంది వొదినా, ఇది మీ స్వామిది కదా,” అంటే, “కాదులే వొదినా, మీ బాబయ్యదే,” అని ఉలిగమ్మ. అంతవరకు నాదంటే నాదని కొట్టుకున్నవాళ్లు అప్పటినుంచి నీదంటే నీదని కొట్టుకోవడం మొదలుపెట్టారు. ఎవరిదో తేలకుండా కత్తి పెట్టేదెట్లా? వచ్చే ఏడు చూద్దాంలే అనుకున్నారు.

ఆ వచ్చే ఏడు చాలాసార్లు వచ్చింది. ప్రతి వేసవిలో పెనుకొండ, ప్రతిసారీ ఆ రెండు చోట్లే. చుట్టూ కాస్త కత్తిరించడం, నడిమి పిలక వదిలేయడం. పిల్లవాడికి జ్వరాలు మొదటి ఏడే ఆగిపోయాయి. ఉలిగమ్మ తెచ్చిన చింతపండు పులిహోర, సుంకమ్మ తెచ్చిన ఓళిగలు గుట్ట నీడలో పంచుకుని తినేవాళ్లు. ఇంట్లో నవ్వెరగని సుంకమ్మ అక్కడ ఉలిగమ్మ చెవిలో ఏదో చెప్పి పడీపడీ నవ్వేది. అత్తకు అంత నవ్వు వచ్చునని రత్నమ్మకు ఆ గుట్ట దగ్గరే తెలిసింది. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకు కడుపు నిండినట్టుంటుంది.

నలభై రెండులో ఉలిగమ్మ పోయింది. ఆ మరుసటి వేసవిలో సుంకమ్మ, పిలక ఈసారి కొండమీదే తీయించాలంది. అంతటితో ఆగకుండా తానూ ఎక్కుతానంది. వద్దంటే వినలేదు. కోడలి భుజం పట్టుకుని సగం దాకా ఎక్కి, దారి పక్క బండమీద కూలబడిపోయింది. అక్కణ్నించి చూస్తే కింద దర్గా గుమ్మటం, పైన గుడి రెండూ కనిపిస్తాయి.

ఆయాసం తీరాక అంది: “ఇది ఎవరి పిలకో మాకు తెలీక కాదే రత్నా. ఇది తీసేస్తే మొక్కు తీరిపోతాది. మొక్కు తీరిపోతే ఆడోళ్లం మేం యాడికి పోతామని చెప్పి ఇల్లు కదలల్ల? మీ అమ్మా నేనూ మళ్లీ కలిసేదెట్లా? అందుకే వదిలేస్తా వచ్చినాం.”

ఏడేళ్లుగా వీళ్లిద్దరూ ఆడిన నాటకం ఇదా! రత్నమ్మకు నవ్వూ వచ్చింది, దుఃఖమూ వచ్చింది. పైదాకా ఎక్కలేక వెనక్కి దిగారు, ఆ ఏడూ పిలక మిగిలింది. చలికాలం వచ్చేసరికి సుంకమ్మ మిగల్లేదు. ఆ తర్వాత యుద్ధం ముదరడం, పట్టు కరువు, మగ్గం ఆగడం. పెనుకొండ మాటే ఎత్తేవాళ్లు లేకపోయారు.

ఇన్నాళ్లకు ఇదుగో, ఈ ప్రయాణం. గడ్డం నెరిసిన లాల్‌సాబ్ ఆమెను గుర్తుపట్టి, పెద్దమ్మలిద్దరూ రాలేదేమని అడిగాడు. రత్నమ్మ తలొంచుకుంది. అతను గుర్రాన్ని అదిలించాడు.

కొండ కింద మంగలిని వెంటబెట్టుకుని ఎక్కింది. సగం దారిలో, ఆ బండ దగ్గర ఆగి, ఇక్కడే తీయమంది. మంగలి అటూ ఇటూ చూశాడు.

“ఈడ ఏం దేవుడుండాడమ్మా?”

“ఈడ మా అత్త కూచునింది.”

మంగలి కత్తి తీశాడు. రెండు నిమిషాల్లో పని అయిపోయింది. కొడుకు నున్నటి నెత్తి తడుముకుని, ఎన్నాళ్లకో నవ్వాడు. రత్నమ్మ కొంగులో పడ్డ పిలకను రెండు పాయలు చేసింది. ఒకటి పైన గుళ్లో ఇచ్చింది, ఒకటి కిందికి దిగి దర్గాలో ఇచ్చింది. ఎవరి సొమ్ము వాళ్లకు చేరిపోయింది. ఇక పెనుకొండకు రావాల్సిన పనే లేదు.

సాయంత్రం రైలు కదిలింది. టోపీ ఒళ్లో పెట్టుకుని కొడుకు దర్జాగా కూచున్నాడు. కొండ వెనక్కి పోతుంటే రత్నమ్మ కిటికీకి ఆనుకుని కళ్లు మూసుకుంది. ఎప్పటిలా గబగబా రెండు దండాలు పెట్టి ఊరుకోలేదు. చేతులు చాలాసేపు అలాగే ఉంచింది, పెదవులు మాత్రం కదిలాయి.

“మళ్లీ ఏందో మొక్కుకుంటాండావు,” అన్నాడు కొడుకు అనుమానంగా, నెత్తిమీద చెయ్యి పెట్టుకుని. “ఏం మొక్కుకున్నావమ్మా?”

రత్నమ్మ కళ్లు తుడుచుకుని నవ్వింది.

“తీరేదాకా చెప్పకూడదు నాయనా. వచ్చే ఏడు మాత్రం మనం మళ్లీ రావల్ల.”