గ్యాసు లేని సోడా

కైలాసం నీళ్ళు అడగడం మానేశాడు. పొద్దుటి నుంచి అడిగి అడిగి గొంతు పోయింది. ఇప్పుడు పెదవులు మాత్రం కదులుతున్నాయి. అతని పెళ్ళాం కనకవ్వకు అదే ఎక్కువ భయం వేసింది. నోరు తెరిచి అడిగినంతసేపూ మనిషి ఉన్నాడన్న ధైర్యం ఉండేది.

నిన్న సందెవేళ బట్టలు నేసే సాంచాల కార్ఖానా నుంచి వస్తూనే కడుపు పట్టుకుని గడపలో కూలబడ్డాడు. ఒకటే వాంతులు, విరేచనాలు. తెల్లవారేసరికి ఒంట్లోంచి వచ్చేది గంజినీళ్ళలాగా పలచగా వస్తోంది. కళ్ళు గుంటలు పడ్డాయి. వేళ్ళ కొసలు పొద్దంతా నీళ్ళలో నానినట్టు ముడతలు పడ్డాయి. పిక్కలు మెలితిరిగినప్పుడల్లా కనకవ్వ ఆ రెండు కాళ్ళూ ఒళ్ళో పెట్టుకుని బూడిద రుద్దుతోంది. ఎంత రుద్దినా కాళ్ళకు వేడి రావడం లేదు.

ఆ ఎండాకాలం సిరిసిల్లకు గత్తర తగిలింది, కలరా. మానేరు వాగు ఎండిపోయి, ఇసుకలో చెలిమలు తోడుకుని తాగుతున్నారు జనం. వాడకట్టులో సగం ఇళ్ళకు తాళాలు పడ్డాయి. ఉన్నవాళ్ళు గుమ్మాలకు వేపమండలు కట్టుకుని లోపలే కూచున్నారు. సాంచాల చప్పుడు ఆగిపోయేసరికి పక్కింట్లో దగ్గితే ఈ ఇంట్లో వినబడుతోంది. కరీంనగర్ దవాఖానకు తీసుకుపోదామంటే బస్సులో గత్తర మనిషిని ఎక్కనివ్వరు. బండి కట్టుకుని పోతే పొద్దంతా ఎండలో ప్రయాణం. సూదులు వేసే లింగమూర్తి పల్లెల మీద పోయాడు, ఎప్పుడొస్తాడో ఎవరికీ తెలియదు. పిల్లలిద్దరినీ చెల్లెలింటికి పంపించేసింది కనకవ్వ. ఇక ఇంట్లో మిగిలింది తను, మంచం మీద మొగుడు, నీళ్ళ గోలెం ముందు పీట వేసుకుని కూచున్న అత్త శంకరవ్వ.

శంకరవ్వ తెల్లవారి నుంచీ ఆ పీట మీంచి కదల్లేదు. గత్తర మనిషికి నీళ్ళు పోయకూడదు. ఈ సంగతి ఆ ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు. పోసిన నీళ్ళు వాంతిలో బయటికొస్తాయి, వస్తూ వస్తూ ప్రాణాన్ని కూడా తీసుకొస్తాయి. సోడా అయితే పోయొచ్చు. సోడా నీళ్ళు కాదు, మందు. లోపలి మంటను అణిచి తేన్పుగా బయటికి పోతుంది. ఇంకో గొప్ప కూడా ఉంది సోడాకు. సోడాలు అమ్మే సత్తార్ ఇంట్లో చెంబెడు మంచినీళ్ళు ముట్టనివాళ్ళు కూడా సత్తార్ నింపిన సోడా తాగుతారు. శంకరవ్వే ఎన్నో జాతర్లలో తాగింది. గ్యాసెక్కిన తర్వాత దానికి ఏ అంటూ ఉండదు.

పొద్దున్నే పక్కింటి హనుమండ్లు ఎక్కడెక్కడో తిరిగి ఆరు సోడాలు పట్టుకొచ్చి గడప బయటే పెట్టి పోయాడు. ఆరోది ఇందాకే అయిపోయింది.

"ఇంక నాలుగన్న కావాలె," అంది శంకరవ్వ. "సత్తార్ దగ్గరికి పో."

"దుకానం బందున్నదట గద అత్తా. హనుమండ్లు చెప్పె."

"దుకానం బందుంటె ఇల్లు బందుంటదా? ఇంటికే పో. కాళ్ళు మొక్కు, కడుపు పట్టుకో, ఏమన్న చెయ్యి. ఇగో, గోలీ మాత్రం ఆడ కొట్టియ్యకు. నా ముందట్నే కొట్టాలె. తుస్సుమన్న సప్పుడు నా చెవుల పడాలె. గీ పరేషాన్ల ఎవలు ఏం నింపి ఇస్తుండ్రో ఎవలకెరుక."

కనకవ్వ లేచి మంచం వైపు చూసింది. కైలాసం పెదవులు కదిలాయి.

"ఒక్క గుక్క పోసి పోత అత్తా. జర పెదవులన్న తడుపుత."

"పెదవులు తడుపుత అనే మొదలువెడ్తరు అందరు. పోతవా, నన్నే పొమ్మంటవా?"

చేతికందిన ఖాళీ సీసాలు రెండు కొంగున చుట్టుకుని కనకవ్వ ఎండలో పడింది. చెప్పులు వేసుకోవడం మరిచిపోయింది. బజారు దాటేసరికి అరికాళ్ళు బొబ్బలెక్కాయి.

సత్తార్ ఇల్లు దుకాణం వెనకాలే. తలుపు కొట్టగా కొట్టగా అతని పెళ్ళాం అజీజా సందులోంచి తొంగి చూసింది. ముప్పై ఏళ్ళుంటాయేమో, నిద్రలేని మొహం.

"సోడాలు లేవక్కా. పొద్దుగాల్నుంచి ఎంతమంది వచ్చిండ్రో. గ్యాసే అయిపోయింది. మా ఆయన మొన్న పోయిండు కరీంనగర్‌కు గ్యాసు డబ్బ కోసం. ఇంకా రాలే."

"ఒక్కటన్న చూడు చెల్లె. ఏ మూలకన్న పడున్నదేమో."

"ఉంటె ఇయ్యకుంట ఉంటనా?"

కనకవ్వ తలుపు సందులో చెయ్యి పెట్టింది. అజీజా మూయబోయిన తలుపు ఆ చేతికి ఆనుకుని ఆగిపోయింది.

"డబ్బ అడుగున ఏమన్న మిగిలుంటది గద. ఒక్కపారి మిషన్ తిప్పి చూడు."

"ఆయన లేంది మిషన్ ముట్టద్దన్నడక్కా. సీస పలిగి మా మామ కన్ను పోయింది."

"నేను తిప్పుత చెల్లె. కండ్లు పోతె నాయి పోతయి."

అజీజా ఆ మొహం చూసి తలుపు తీసింది.

మిషన్ వెనక వసారాలో ఉంది. ఇనప చక్రం, దానికో చేతి పిడి, మధ్యలో సీసా పెట్టే గూడు. అజీజా సీసాలు కడిగింది. గోడవారన ఉన్న ఇత్తడి గుండిగ మీద బట్ట తీసి, చెంబు ముంచి, గరాటు పెట్టి రెండు సీసాల్లోనూ పోసింది. చిటికెడు ఉప్పు, కొంచెం చక్కెర వేసింది.

కనకవ్వ చూస్తూ నిలబడిపోయింది.

"గవేంది చెల్లె?"

"నీళ్ళు."

"ఏం నీళ్ళు?"

"తాగే నీళ్ళే అక్కా. కాగబెట్టి బట్టల వడబోసిన. నలుసు కనబడితె సోడా ఎవ్వలు కొనరని మా ఆయన కాగబెట్టకుంట పొయ్యనియ్యడు."

"సోడాల నీళ్ళు పోస్తరా?"

"మరి పాలు పోస్తరా?" అంది అజీజా. అన్నాక ఆమెకే బాధనిపించి తల తిప్పుకుంది.

కనకవ్వ ఒక సీసా ఎత్తి వెలుతురుకు పట్టి చూసింది. తెలియక కాదు. సీసాలో కనిపించేది నీళ్ళలాగానే ఉంటుందని ఎవరికి తెలియదు? కానీ అది ఇంట్లో గుండిగలోంచి చెంబుతో ముంచి పోసిన నీళ్ళని, తను పొయ్యి మీద పెట్టేలాంటి నీళ్ళని ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా తట్టలేదు. సత్తార్ దుకాణంలో ఎప్పుడూ నిండిన సీసాలే చూసింది.

మొదటి సీసాను అజీజా గూట్లో బిగించి, పైన గోనె కప్పి, గ్యాసు డబ్బా మర తిప్పింది. కనకవ్వ రెండు చేతులతో చక్రం తిప్పింది. కళ్ళు మూసుకోలేదు. గోనె కింద ఏదో సన్నగా కీచుమంది. అజీజా సీసాను తలకిందులుగా బయటికి తీసి నిలబెట్టింది. గోలీ మెడ దగ్గర బిగుసుకుని ఆగింది.

రెండో సీసా అట్లాగే పెట్టారు. డబ్బా ఒకసారి బుస్సుమని ఆగిపోయింది. ఎంత తిప్పినా చక్రం ఊరికే తిరిగింది. సీసాను నిలబెట్టేసరికి గోలీ టక్కుమని కిందికి జారింది.

"గంతే అక్కా. అయిపోయింది."

కనకవ్వ ఆ గోలీ వైపు చూస్తూనే ఉంది.

"గిది గూడ తీస్కపో," అంది అజీజా రెండో సీసా అందిస్తూ. "దాంట్ల పోసినయే దీంట్ల పోసిన. నువ్వు చూస్తివి గద."

"నీళ్ళు పోస్తె పోతడంటరు గద చెల్లె."

"దవాఖానల సూదితోని నరాలల్లకు ఎక్కించేది గూడ ఉప్పునీళ్ళేనట. లింగమూర్తి మొన్న మా వాకిట్ల కూసోని చెప్పిండు."

"మరి ఊరంత ఎందుకట్లంటది?"

"ఏమో. నేను సోడాలు అమ్ముకునేదాన్ని. సోడా తాగితెనే బతుకుతరంటె నేనెందుకు కాదంట?" అజీజా కొంగుతో మొహం తుడుచుకుంది. "గిన్నొద్దులు అనలే. ఇప్పుడు నీకంటున్న. పో అక్కా, తొందరగ పో."

కనకవ్వ ఒక సీసా కొంగులో పెట్టుకుని, రెండో సీసా మూతికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని వచ్చిన దారినే పరుగెత్తింది. సీసా లోపల గోలీ గలగలలాడుతోంది.

ఇంట్లో కైలాసం కళ్ళు సగం మూతపడి, తెల్లగుడ్డు కనిపిస్తోంది. శంకరవ్వ గ్యాసు సోడాను లాక్కుని తనే బొటనవేలు పెట్టి గోలీ కొట్టింది. తుస్సుమంది. "ఆఁ, ఇది సోడా," అని కొడుకు తల ఎత్తి నోట్లో పోసింది. గొంతు దిగుతుందో లేదో అనుకుంటుండగానే మనిషి గటగటా మొత్తం తాగేశాడు. సీసా తీసేస్తుంటే ఆ ముడతలు పడ్డ వేళ్ళు గాలిలో దానికోసం వెతికాయి.

కనకవ్వ రెండో సీసాతో మంచం దగ్గరికి వచ్చింది.

"గోలీ ఏది దానికి?" అంది శంకరవ్వ.

"అడుగున పడ్డది. గ్యాసు అయిపోయింది అత్తా."

"గ్యాసు లేకుంటె నీళ్ళే గద."

"నీళ్ళే. నువ్విప్పుడు తాపింది గూడ నీళ్ళే. ఒక్క గుండిగల ముంచి రెంటిల్ల పోసింది, నా కండ్ల ముందట. పొద్దుగాల్నుంచి మనం పోసిన ఆరు గూడ నీళ్ళే."

"ఆళ్ళింట్ల నీళ్ళు తెచ్చి నా కొడుకు నోట్లె పోస్తవా?"

"ఇన్నేండ్లు తాగినం గద అత్తా."

శంకరవ్వ లేచి కోడలి మణికట్టు పట్టుకుంది. డెబ్బై ఏళ్ళ చేతిలో అంత పట్టు ఉంటుందని కనకవ్వ అనుకోలేదు. సీసా ఊగి, సగం నీళ్ళు కైలాసం ఛాతీ మీద ఒలికాయి. అతను తల వంచి ఆ తడిని నాకబోయాడు, అందలేదు.

"ఇడువు అత్తా."

"ఇడువ. నీకేమెరుక, నువ్వు గీ ఇంటికి రాకముందటి ముచ్చట. కైలాసం కన్న ముందు నాకింకో కొడుకుండె. భూమన్న. పన్నెండేండ్లోడు. గిట్లనే తగిలింది. నీళ్ళు, నీళ్ళు అవ్వా, అని నా కొంగు పట్టుకున్నడు. నేను పొయ్యలే. లేచి గోలెం దగ్గరికి పాక్కుంట పోతుంటె గుంజుకచ్చి చేతులు మంచానికి కట్టేసిన. పొద్దుగూకెదాక మొత్తుకున్నడు. అందరన్నరు, శంకరవ్వా, నీ గుండె రాయి, గట్లనే ఉండు, గట్లుంటెనే పోరడు దక్కుతడు అని. దక్కలే." ఆమె పట్టు ఇంకా బిగిసింది. "ఇప్పుడు నువ్వచ్చి నీళ్ళు పోస్తె బతుకుతరు అంటివనుకో..."

మిగతాది ఆమె అనలేదు. కనకవ్వకు అర్థమైంది. పోసి, ఇతను పోతే తను జీవితాంతం మొగుణ్ణి చంపుకున్నదవుతుంది. పోసి, ఇతను బతికితే ఈ ముసలామె ఏమవుతుంది? మంచం మీద మళ్ళీ ఆ పెదవులు కదిలాయి.

"నన్ను తిట్టుకో అత్తా," అంది కనకవ్వ. రెండో చేత్తో అత్త వేళ్ళను ఒక్కొక్కటే విడదీసింది. "పోతె నన్నే అను, ఊరంత చెప్పు. నేను మాత్రం పోస్త."

శంకరవ్వ చేతులు జారిపోయాయి. ఆమె కొడుకు వైపు చూడకుండా, గోడ పట్టుకుని వాకిట్లోకి వెళ్ళిపోయింది.

సీసాలో మిగిలింది మూడు గుక్కలకే అయిపోయింది. కనకవ్వ గోలెంలోంచి నీళ్ళు ముంచి పొయ్యి మీద పెట్టింది. మంట అందుకోక, పుల్లలు పచ్చిగా ఉండి, ఊది ఊది కళ్ళు మండాయి. కాగిన నీళ్ళను తాంబాళంలో పోసి విసనకర్రతో చల్లార్చింది. అజీజా వేసినంత ఉప్పు వేసింది. చక్కెర లేదు, బెల్లం గీరి వేసింది. గరిటెతో పోయడం మొదలుపెట్టింది.

మొదటి చెంబు సగం అయ్యేసరికి అంతా వాంతి చేసుకున్నాడు. వాకిట్లోంచి అత్త వచ్చి జుట్టు పట్టుకుంటుందేమోనని చూసింది. ఎవరూ రాలేదు. మంచం తుడిచి, మళ్ళీ గరిటె తీసుకుంది. మళ్ళీ వాంతి అయింది, ఈసారి కొంచెమే. ఆమె ఆపలేదు. తప్పు చేస్తున్నానేమో అన్న మాట గరిటె గరిటెకూ మనసులో మెదులుతోంది. అయినా పోస్తూనే ఉంది. రెండో చెంబు నిలిచింది. మూడోదానికి కైలాసం కళ్ళు తెరిచి ఆమె చెయ్యి ఎటు పోతే అటు చూడసాగాడు. నాలుగోదానికి పిక్కలు పట్టు విడిచాయి.

ఎండ వాలి, ఎదురింటి నీడ గడప దాకా వచ్చింది. మంచం కింద పరిచిన బొంత మీద తడి కనిపించింది. కనకవ్వ వంగి, వాసన చూసి, అలాగే కింద కూలబడింది. గత్తర తగిలిన మనిషికి ముందు మూత్రమే ఆగిపోతుంది. మళ్ళీ ఒంటికి పోశాడంటే గండం గడిచినట్టేనని ఆ వాడకట్టులో అందరికీ తెలుసు.

ఎంతకూ ఆమెకు ఏడుపు రాలేదు. లేచి వాకిట్లోకి వెళ్ళింది.

శంకరవ్వ గోడకు ఆనుకుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూచుంది. మధ్యాహ్నం నుంచీ ఎండ ఆ గోడ మీదే కాసింది. నెత్తిన కొంగు కూడా కప్పుకోలేదు.

"అత్తా. ఒంటికి పోసిండు."

ముసలామె తల తిప్పకుండానే అడిగింది.

"ఎన్ని పోసినవ్?"

"నాలుగు చెంబులు."

"నాలుగు చెంబులు," అంది శంకరవ్వ. కోడలితో కాదు, ఎదురుగా ఉన్న ఖాళీ వాకిలితో అన్నట్టు అంది. "నాలుగే."

కనకవ్వ ఆమె పక్కన కూచోబోయింది. భుజం మీద చెయ్యి వేయాలనుకుంది, వేయలేకపోయింది. ఇంతలో లోపలి నుంచి బొంగురుగా, పగిలిన గొంతుతో, పొద్దుటి తర్వాత మొదటిసారి మాట వినబడింది.

"అవ్వా... నీళ్ళు."

శంకరవ్వ రెండు చేతులతో చెవులు మూసుకుంది.