టీ గ్లాసు మచ్చ

నేను ఒక గిటారు యాంప్లిఫయర్‌ని. చూసినవాళ్లు నాకు అరవై ఏళ్లుంటాయంటారు. నమ్మకండి.

నేను ఇంగ్లండులో పుట్టాను, ఈమధ్యనే. అరవై ఏళ్ల కిందట అక్కడ తయారైన యాంప్లిఫయర్ల మీద మనుషులకు ఇంకా మోజు తీరలేదు. అవేమో దొరకవు. అందుకని అదే నల్ల తొడుగు వేసి, లోపల పాత రేడియోల్లో ఉండే గాజు వాల్వులే పెట్టి మమ్మల్ని మళ్లీ చేస్తున్నారు. వస్తువు కొత్తది కావాలి, గొంతు పాతది కావాలి. ఆ కోరికలో నాకు తప్పేమీ కనిపించలేదు. నా వెనక రేకు మీద పుట్టిన సంవత్సరం స్పష్టంగా ఉండేది.

విశాఖపట్నంలో ఒక హోటల్ వాళ్లు నన్ను తెప్పించి భోజనాల వేళ పాటలు పెట్టించారు. తినేవాళ్లెవరూ వినలేదు గాని నా వంతు నేను పలికాను. పాటలు మానేశాక నన్ను పాతసామాన్ల చలపతికి ఇచ్చేశారు.

అతని కొట్టుకు ఒకరోజు కెరెన్ అనే అమ్మాయి ఫొటో పట్టుకుని వచ్చింది. అందులో గిటారుతో ఆమె తండ్రి సువర్ణరాజు. ఆర్కెస్ట్రాలో వాయించేవాడట. పక్కన అచ్చం నాలాంటి పెట్టె. అది అసలైన పాతది. ఆయన జబ్బుపడినప్పుడు అమ్మేశారు. ఆయన పోయి ఇంకా ఏడాది కాలేదు.

"అమ్మ గిటారు వైపు చూడటమే మానేసిందండీ. ఈ పెట్టె ఎక్కడున్నా వెతికిపెట్టండి."

"ఫొటో ఇక్కడుంచి ఎల్లు తల్లీ. ఈ ఊర్లో నాకు తెలీకుండా సామాను ఏటైపోద్ది?"

ఆమె గుమ్మం దాటగానే చలపతి సామాన్ల చాటున ఉన్న నా వైపు తిరిగాడు. గరుకు కాగితంతో నా అంచులు గీకాడు. టీ డికాక్షన్‌తో నా ముందువైపు గుడ్డకు మరకలు పట్టించాడు. ఫొటోలోని పెట్టెకు ఆ గుడ్డ కుడి మూల చిరిగి ఉందని నాదీ చించాడు. చివరికి ఆ రేకు ఊడబెరికాడు. ఎంత గొంతు ఉంటే ఏం, ఎవరో తీగ మీటితే తప్ప నేను పలకలేను.

నేను ఆమె తండ్రి పెట్టెనేనన్న చలపతి మాట నమ్మి, కెరెన్ నన్ను ఆటోలో ఒళ్లో పెట్టుకున్నంత పని చేసి ఇంటికి తీసుకెళ్లింది.

"అమ్మా, ఇప్పుడు కళ్లు తెరువు."

"ఏవిటే ఈ చిన్నపిల్లల ఆట..." రూతమ్మ మాట సగంలో ఆగిపోయింది.

"నాన్నదే! ఆ చిరుగు చూడు!"

రూతమ్మ చిరుగు తడిమింది. తర్వాత నా పైపలక మీద అరచెయ్యి జరిపింది. మళ్లీ జరిపింది. దేన్నో వెతికి, దొరకక, ఆగింది. స్విచ్ వేయకుండానే నా ఒళ్లు కాగిపోయింది.

"ఏంటమ్మా?"

"దుమ్మే. మీ నాన్న కంటే మొండిదానివే నువ్వు!" అని నవ్వింది. కూతురు వాయిస్తుంటే పక్కనే కూర్చుని చివరిదాకా విన్నది.

మర్నాడు కెరెన్ ఆఫీసుకు వెళ్లాక రూతమ్మ నా ముందు నిలబడింది.

"వాల్వులు కాగేదాకా ఆయన టీ తాగేవారు. వేడి గ్లాసు పైనే పెట్టేవారు, ఎంత అరిచినా వినేవారు కాదు. ఆ మచ్చ నీ మీద లేదు."

ఎదురుగా తీసిన ఫొటోలో పైపలక పడలేదు. చలపతికి తెలియనిది అదొక్కటే.

నన్ను బయట పెట్టేస్తుందనుకున్నాను. పెట్టేస్తే బాగుండునని కూడా అనుకున్నాను. ఆమె వంటింట్లోకి వెళ్లి, పొగలు కక్కే టీ స్టీలు గ్లాసులో పోసి తెచ్చి, నా మీద కుడివైపున పెట్టి అదిమింది.

"మా పిల్లకి ఆ మచ్చ గుర్తొస్తే తట్టుకోలేదు," అంది.

అప్పట్నుంచి రోజూ మధ్యాహ్నం అదే చోట, అదే గ్లాసు. చలపతి గీకినప్పుడు పడిన సిగ్గు ఒక ఎత్తు. ఈవిడ చేతుల కింద పడిన సిగ్గు ఇంకొక ఎత్తు.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి కెరెన్ స్విచ్ వేసి, నా మీదికి వంగింది.

"అమ్మా, నాన్న గ్లాసు మచ్చ! ఇన్నాళ్లూ చూడనేలేదు!"

"ఆ మచ్చకు ఎన్ని తిట్లు తిట్టానో," అంది రూతమ్మ వంటింట్లోంచి.

కెరెన్ ఆ గుండ్రం చుట్టూ వేలు తిప్పుతూ కూర్చుంది. వాల్వులు కాగేదాకా నేను పలకనక్కర్లేదు. ఆ కాసేపూ బతికిపోయాను. తర్వాత ఆమె తన తండ్రి పాట అందుకుంది.

పలికాను.