తొమ్మిదో అధ్యాయం దగ్గర ఏడ్చాడట

మీసం తీయించుకోవడం దండగే అయింది, తేనెసీసా తనని గుర్తుపట్టనే లేదు, ముప్పై ఏళ్ళు పెంచిన మీసం, పెళ్ళిఫొటోలో ముందు అది కనిపిస్తుంది, ఆ తర్వాతే తను, అలాంటిదాన్ని నిన్న సెలూన్లో నేలపాలు చేసి, పై పెదవికి చలేస్తున్నట్టుంటే చేత్తో కప్పుకుంటూ, బావమరిది నల్లకళ్ళద్దాలు అరువు తెచ్చుకుని, మెట్లెక్కాడు, తీరా చూస్తే ఆ ప్రచురణకర్త మహానుభావుడు ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకుని, రండి తమ్ముడూ రండి, ఈ చేతులు చూస్తేనే తెలుస్తోంది రచయితవని, అన్నాడు, రెండేళ్ళ కిందట ఇవే మెట్ల మీద ఇవే చేతులు పట్టుకుని అన్న మాటే, ఒక్క అక్షరం మార్చలేదు, ఈ చేతులు చూస్తే తెలిసేది సోఫాలు కుట్టేవాడని, బొటనవేలి గోరు సుత్తిదెబ్బకి నల్లబడి, దబ్బనం దిగిన మచ్చలు అరచేతినిండా, అయినా అంత డబ్బు గుంజుకున్నవాడు మొహమైనా గుర్తుపెట్టుకోవద్దా, కోడిని కోసేవాడు కూడా ఒకసారి దాని కళ్ళలోకి చూస్తాడు కదా, ఈయన ఆమాత్రం కూడా చూడలేదన్నమాట, ఇదిగో ఇప్పుడు పుస్తకాల విడుదల వేదిక మీద మైకు ముందు నిలబడి మొదటి రచయితని పొగుడుతున్నాడు, అయిదుగురూ కూర్చున్నారు వరసగా, దంతవైద్యుడి దగ్గర కూర్చున్నట్టు, తనది చివరి కుర్చీ, ఆ కుర్చీ సీటు కూడా దొంగపనే, పైన మఖమలు, లోపల స్ప్రింగులు లేవు, చిరిగిన గోనెపట్టా, కూర్చోగానే తెలిసిపోయింది.

తేనెసీసా అని పేరు పెట్టింది భార్య, ప్రచురణకర్తగారు మొదటిసారి ఫోన్ చేసినప్పుడు పక్కనుంచి విని, ఈయన నోట్లో తేనెసీసా ఉందండీ, మూత ఎక్కడ పెట్టాడో అడగండి, అంది, తను వింటేగా, ఏడో తరగతితో బడికి దణ్ణం పెట్టి నాన్న సుత్తి అందుకున్నవాడు, పని లేనప్పుడల్లా ఫోమ్ ముక్కల మధ్య కూర్చుని నాన్న కథ నాలుగేళ్ళపాటు రాసుకున్నవాడు, సినిమాహాల్లో సీట్లన్నీ కుట్టి వాటిలో ఒక్కదాంట్లోనూ కూర్చుని సినిమా చూడని నాన్న కథ, నీ కలంలో జీవముంది తమ్ముడూ, ఏకబిగిన చదివాను, చివరికొచ్చేసరికి కళ్ళు చెమర్చి అక్షరాలు కనిపించలేదు, అని పెద్దమనిషి ఫోన్ చేసి చెబుతుంటే, పొద్దున ఇచ్చిన నాలుగొందల పేజీల కట్ట భోజనాల వేళకి ఎలా చదివాడని ఎవరికి తోస్తుంది, తోచలేదు, ఆ తర్వాత సభ, పూలగుత్తి, చప్పట్లు, చప్పట్లు ఇంకా చెవుల్లో మోగుతుండగానే పక్కగదిలోకి పిలుపు, అక్కడ బిల్లు, అదే వాడి కిటుకు, ముందు ముచ్చట తర్వాత బిల్లు, చప్పట్లు విన్న చెవి బేరమాడదు, వెయ్యి కాపీలు ఊరూరా దుకాణాల్లో ఉంటాయన్నాడు, తనకి పంపినవి మూడు కట్టలు, మిగిలినవి అచ్చే కాలేదు, ఆ మూడు కట్టలూ ఇప్పుడు షాపులో కాళ్ళు విరిగిన సోఫాలకి దన్నుగా ఉన్నాయి, నాన్న బతికుండగా మోసింది చాలక పుస్తకమై కూడా సోఫాలు మోస్తున్నాడు, అది తలుచుకున్నప్పుడల్లా తను కొట్టే మేకు అంగుళం ఎక్కువే దిగేది, రెండేళ్ళు అలాగే కొట్టాడు, నవ్వు లేదు, పలకరిస్తే కరిచేవాడు, చదువుకున్నవాడు కనిపిస్తే చాలు ఒళ్ళు మండేది.

ఆ మంట మీద నీళ్ళు చల్లింది మాత్రం చదువుకున్నాయనే, లెక్కల మాస్టారు, రిటైరై పదేళ్ళయింది, పడకకుర్చీకి కొత్త గుడ్డ వేయించుకోవడానికి వచ్చి, సోఫా కాలికింద పుస్తకం లాగి అక్కడే చదవడం మొదలుపెట్టి, సోఫా ఒరిగిపోతున్నా లేవకుండా, సంగతంతా కూపీలాగి, అయితే ఒక పని చేద్దాం నాయనా, వాడు చదవడని నువ్వంటావు, చదివానని వాడంటాడు, రుజువు కావాలి కదా, ప్రపంచంలో ఇంతకంటే చెత్త ఉండదు అనిపించే నవల ఒకటి రాసి మారుపేరుతో వాడికిద్దాం, పొగిడాడా దొరికాడు, అన్నాడు, నవల రాయడం నాకు రాదండీ అంది భార్య, మరీ మంచిదమ్మా, రానివాళ్ళే కావాలి, అన్నాడాయన, అలా మొదలైంది, తొమ్మిది అధ్యాయాలు, ఒకరు రాసింది ఇంకొకరు చదవకూడదు, అదే షరతు, కథానాయకుడు ఓడ కెప్టెన్ అని ఒక్కటే అందరికీ తెలుసు, మొదటి అధ్యాయంలో మాస్టారు వాడి రెండు కళ్ళూ పోగొడితే రెండో అధ్యాయంలో భార్య వాడిచేత పేపరు చదివించి సూదిలో దారం ఎక్కించింది, మూడో అధ్యాయంలో ప్రతినాయకుణ్ణి మూడుసార్లు చంపింది, ఒకసారి ప్రెషర్ కుక్కర్‌తో, అదేంటే చచ్చినవాణ్ణి మళ్ళీ చంపావని తర్వాత అడిగితే, సరిగ్గా చావలేదేమోనని అనుమానమొచ్చిందండీ, అంది, నాలుగోది తనది, సుత్తి పక్కనపెట్టి కథానాయికని వర్ణించాడు, ఆమె కళ్ళు రెండు బావుల్లా ఉన్నాయి, ఒకదాంట్లో మోటారు చెడిపోయింది, అది రాసి తనలో తనే కిసుక్కున నవ్వి ఉలిక్కిపడ్డాడు, ఎవరా నవ్విందని చుట్టూ చూశాడు కూడా.

తొమ్మిదోది బావమరిది రాయాలి, జిరాక్స్ షాపు వాడిది, రేపిస్తా బావా, ఎల్లుండి బావా అంటూ తిప్పి తిప్పి చివరికి నాలుగో అధ్యాయాన్నే మళ్ళీ జిరాక్స్ తీసి పైన తొమ్మిది అని అంకె వేసి పట్టుకొచ్చాడు, సిగ్గులేదురా అంటే, నేను చెత్తగా రాయాలి కదా బావా, అసలు రాయకపోవడం కంటే చెత్త ఏముంటుంది చెప్పు, అన్నాడు, మాస్టారు లేచి వాడికి షేక్‌హ్యాండ్ ఇచ్చాడు, ఆ సాయంత్రం షాపు షట్టరు సగం దించి మొదటిసారి అన్నీ కలిపి పైకి చదువుకున్నారు, కథానాయిక చచ్చిపోయిన మూడు అధ్యాయాల తర్వాత తలుపు తీసి టీ తాగుతారా అని అడిగిన చోట భార్య నవ్వలేక నవ్వలేక సగం కుట్టిన సోఫాలో పడితే, స్ప్రింగు పైకి తన్నేసరికి ఆమె మళ్ళీ లేచి నిలబడింది, మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, ఆ బావి మోటారు ముక్క ఇంకోసారి చదువు నాయనా, అన్నాడు, ఇంకోసారి, తను రాసింది ఇంకోసారి చదవమని ఒక మనిషి అడగడం, నాలుగొందల పేజీల తర్వాత, రెండేళ్ళ తర్వాత, అదే మొదటిసారి, ఆ ముక్క ఆవేళ నాలుగుసార్లు చదివాడు, గొంతు మార్చి మార్చి.

ఇదుగో ఇప్పుడు తన వంతు పొగడ్త వస్తోంది, చివరి రచయిత, ఈ నవల నా చేతికి వచ్చిన రోజు నేను అన్నం ముట్టలేదండి, అంటున్నాడు తేనెసీసా, ఏకబిగిన చదివాను, మూడో వరసలో మాస్టారు రుమాలు నోట్లో కుక్కుకున్నాడు, బావమరిది కుర్చీకింద ఏదో పడిపోయినట్టు వంగిపోయాడు, భార్య మాత్రం బొమ్మలా కూర్చుంది, ఆమె అలా కూర్చుందంటే లోపల డ్యాము నిండిందని అర్థం, ఈ కలంలో జీవముందండి, అన్నాడు తేనెసీసా, పక్కన ఏదో గజగజా వణుకుతోంది, తిరిగి చూస్తే పక్కకుర్చీలో ఉన్న రిటైర్డ్ నర్సమ్మ, అందరూ సిస్టర్ అని పిలుస్తున్నారు, తెల్లజుట్టు, ఒళ్ళో పెద్ద హ్యాండ్‌బ్యాగు, వార్డుల్లో రాత్రులు కాచిన ముప్పై అయిదేళ్ళ మీద కవితలు రాసిందట, ఆవిడది కూడా ఇవాళే విడుదల, ముందువరసలో మనవరాళ్ళిద్దరు ఆవిణ్ణి చూసి చేతులూపుతూనే ఉన్నారు, ఆవిడ పూలగుత్తి చాటున బల్లమీది ఓడ కెప్టెన్ నవల తెరిచి పెట్టుకుని చదువుతోంది, ఏడుస్తోందేమో అనుకున్నాడు, కాదు, నవ్వు, భుజాలు ఎగిరిపోతున్నాయి, బాబూ, ఈ మోటారు ఏంటి బాబూ, అంది గొంతు పెగల్చుకుని, చెడిపోయిందమ్మా, అన్నాడు తను, ఆవిడ పూలగుత్తిలో మొహం పెట్టేసింది, రెండు పూలు రాలిపడ్డాయి.

ఆ తర్వాత నవ్వు ఆగింది, అది ఆగడం కూడా పక్కనుంచి తెలిసింది, మంచి స్ప్రింగు ఆగినట్టు కొంచెం కొంచెంగా, ఇది ఈయన చదివాడా బాబూ, అంది, చూపు తేనెసీసా వీపు మీద ఉంది, లేదమ్మా, అన్నాడు, ఆవిడ పేజీ మూసి, నాడి చూస్తున్నట్టు పుస్తకం మీద చెయ్యి పెట్టి, మరి నాది, అంది, అయ్యో, ఇది ప్లానులో లేదు, మాస్టారి ప్లానులో మైకు అందగానే గుట్టు విప్పాలి, అంతే, ఆ గుట్టు విప్పితే పక్కనున్న ఈవిడ ముచ్చట కూడా విప్పినట్టేనని ఎవరికి తోచింది, ముందువరసలో ఆ పిల్లలు మళ్ళీ చెయ్యూపారు, ఊరుకుంటే ఈవిడ సంతోషంగా ఇంటికెళుతుంది, కానీ ఇంటికెళ్ళేముందు పక్కగదికి వెళుతుంది, ఆ బ్యాగు తెరుస్తుంది, చప్పట్లు విన్న చెవితో, రెండేళ్ళ కిందట తన పక్కన కూడా ఎవరో కూర్చున్నారు కదా, గుంభనంగా, ఏమీ మాట్లాడని బట్టతలాయన, ఆయనకి తెలిసే ఉంటుందా, నాదీ చదవలేదమ్మా, అన్నాడు తను, ఇది నాకు రెండో పుస్తకం, మొదటిది మా నాన్న గురించి, మనసుపెట్టి రాశాను, దాన్నీ చదవలేదు, ఇవే మాటలు అన్నాడు, మీదాన్ని గురించి కూడా ఇవే మాటలు అన్నాడా, ఆవిడ పెదవి కొరుక్కుని, జీవముందన్నాడు, అంది, ఎన్నో చావుల పక్కన నిలబడిన మనిషి కదా, బ్యాగు ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

మైకు వచ్చింది, లేచాడు, నల్లకళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు, ఇక ఎందుకవి, జేబులో మాస్టారు రాసిచ్చిన ప్రసంగం ఉంది, మోసము, దగా, వంచన అని మూడు పెద్దమాటలున్నాయి అందులో, బయటికి తీయలేదు, నాలుగో అధ్యాయం కొంచెం చదువుతానండీ, అన్నాడు, షాపులో చదివినట్టే గొంతు మార్చి చదివాడు, బావులు, మోటారు, కెప్టెన్ గుండె మూడు విజిళ్ళు వేయడం, మొదట ఎవరికీ ఏమనుకోవాలో తోచలేదు, నవ్వొచ్చా నవ్వకూడదా అని ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు, ముందువరస మనవరాళ్ళలో చిన్నది పకాలుమంది, దానికి మర్యాదలు తెలీవుగా, అంతే, డ్యాము తెగింది, ముందు భార్యది, తర్వాత హాలంతా, నవ్వు వరసలు వరసలుగా వచ్చి మోకాళ్ళకి తగులుతున్నట్టుంది, అయ్యగారూ, మీకు అన్నిటికంటే నచ్చింది ఏ అధ్యాయం, అని అడిగాడు తను, తేనెసీసా కూడా నవ్వుతూనే, హాలంతా నవ్వుతుంటే తనొక్కడూ నవ్వకపోతే బాగుండదని, మధ్యలో హాస్యం సరే తమ్ముడూ, అసలు గుండె పిండేది ముగింపు, తొమ్మిదో అధ్యాయం దగ్గర ఏడ్చానంటే నమ్మండి, అన్నాడు, మూడో వరసలో మాస్టారు లేచాడు, బల్లమీద సుద్దముక్క కొట్టే గొంతుతో, అందరూ తొమ్మిది తీయండి, పక్కన నాలుగు పెట్టుకోండి, అన్నాడు, తలొక పుస్తకం తిరగేస్తున్న చప్పుడు, ఎవరో వెనకనుంచి, ఒరే, ఇదీ అదీ ఒకటేరా, అన్నారు, ఆ నవ్వు ఇంక నవ్వులా లేదు, వానలా ఉంది, బావమరిది లేచి నాటకంలో వేషగాడిలా అన్నివైపులా వంగి దణ్ణాలు పెట్టాడు, వాడు రాసిన ఒకే ఒక్క అధ్యాయం, హిట్టయింది.

తేనెసీసా తక్కువవాడేం కాదు, మైకు లాక్కుని, ప్రయోగం, దీన్ని ప్రయోగం అంటారండి, ఆదినే అంతం చేయడం, అన్నాడు, సాహిత్యాన్ని ప్రేమతో చూడాలి, అంటూ గొంతు తడిచేసుకున్నాడు, దుకాణదారుడు తక్కెడ దాచేముందు అలాగే ప్రేమ గురించి మాట్లాడతాడు, అప్పుడు వెనక కుర్చీలోంచి సిస్టర్, వార్డు చివరిదాకా వినిపించే గొంతు, అది సరేగానీ బాబూ, నీ మొదటి పుస్తకానికి ఈయనకెంత కట్టావు, అంది, పక్కనున్న ముగ్గురు రచయితలూ కూడా తలలు తిప్పారు, వాళ్ళ చేతులు జేబుల మీద ఉన్నాయి, ఆ అంకె తను ఎవరికీ చెప్పలేదు, మాస్టారికి ఏదో కొంత అన్నాడు, భార్యకి అందులో సగం చెప్పాడు, ఏడో తరగతి చదివినవాడు ఇంత మోసపోయాడా అంటారని, రెండేళ్ళుగా ఆ అంకెని దవడకింద మేకులా కరిచిపెట్టుకు తిరిగాడు, ఆ బట్టతలాయన కూడా కరిచిపెట్టుకునే ఉంటాడు, ఆయన ముందువాడూ, అందుకే తనకెవరూ చెప్పలేదు, అందుకే ఈవిడకీ ఎవరూ చెప్పి ఉండరు, అదా, అదన్నమాట, కాగితం మీదా సిరా మీదా కాదు వాడు బతికేది, మన సిగ్గు మీద, వాడి పెట్టుబడంతా మనమే నోట్లో దాచి కాపాడుతున్నాం, వడ్డీ లేకుండా, ఇంత తేలిక సంగతికి రెండేళ్ళు పట్టిందా అని నవ్వొచ్చింది, మీసం లేని పెదవి హాయిగా సాగింది, భార్య వైపు చూశాడు, ఆమె గడ్డం పైకెత్తి చెప్పండి అన్నట్టు చూస్తోంది, సిస్టర్ బ్యాగు మీద రెండు చేతులూ బిగించి చూస్తోంది, మైకు అక్కర్లేదనిపించింది, లక్షా ముప్పై ఏడు వేల ఎనిమిది వందల యాభై, అన్నాడు.