ఎవరి పిల్ల ముఖం

పొయ్యి మీద చిక్కుడుగింజలు అడుగంటుతున్న వాసన వస్తోంది. లేవడానికి లేదు. జడ్జిగారి భార్య పట్టుగౌను తొడుక్కుని బొమ్మకు కూర్చున్నాను.

“కదలకు కెజియా, భుజం చెడుతోంది.”

“చిక్కుళ్ళు కూడా చెడుతున్నాయండీ.”

మా ఆయన అసాహెల్ పేరున్న చిత్రకారుడు. మెర్రిమాక్ నది పొడుగునా కలిగినవాళ్ళ ఇళ్ళన్నిట్లో ఆయన వేసిన బొమ్మలే. తలకాయలు ఆ ఇళ్ళ ఇల్లాళ్ళవి, మెడ కింద నుంచి నేను. వాళ్ళకు తీరిక ఉండదు. ముఖం వేయించుకుని, గౌను వదిలేసి వెళతారు. “నీ చేతులింత అందంగా ఉంటాయని ఇన్నాళ్ళూ తెలీలేదే అన్నారమ్మా మా ఆయన” అని ఒకావిడ నాతోనే మురిసిపోయింది. నాకూ తెలీలేదనే చెప్పాను.

“నా కొడుకు నిన్ను కూర్చోబెట్టి తిండి పెడుతున్నాడే” అంటుంది మా అత్తగారు. ఒక్క కూర్చోబెట్టడం వరకూ నిజం. రంగులు నూరేది, నూనె కలిపేది, కుంచెలు కడిగేది, అదే చేత్తో రొట్టెకు పిండి కలిపేది నేనే. పెళ్ళికి ముందు బాలికల అకాడమీలో నేనూ బొమ్మలు నేర్చుకున్నాను. “ఇంట్లో ఇద్దరు చిత్రకారులుంటే వంట ఎవరు చేస్తారే?” అన్నారు ఆయన కొత్తల్లో. నేనూ నవ్వాను. అప్పట్లో ఆయన మాటలన్నీ సరదాగానే ఉండేవి.

కిందటేడు చలికాలంలో మా లవీనా జ్వరంతో పోయింది. నాలుగేళ్ళది. పోయిన పిల్లల్ని బతికున్నట్టే బొమ్మ వేయించుకోవడం మా వైపు మామూలే. ఒక కాలికి జోడు లేకుండా వేస్తారు, చూసినవాళ్ళకు తెలియాలని. ఊళ్ళోవాళ్ళ పిల్లలెందరికో జోడు విప్పిన మనిషిని, మన పిల్లనూ వేయండి అని అడిగాను. “ముఖం గుర్తు రావడం లేదు కెజియా. కళ్ళు మూసుకుంటే జ్వరంలో ముఖమే కనిపిస్తోంది” అన్నారు. మరోసారి అడిగితే “ముందు ఒప్పుకున్న పనులు కానీ” అన్నారు. ఆ తర్వాత అడగలేదు.

ఈ వసంతంలో మిల్లు యజమాని పెటింగిల్ గారి కూతురు ఆల్మైరా పోయింది. పాతిపెట్టాకే కబురు పెట్టారు. చూసి వేయడానికి ముఖం లేదు. తల్లి చెప్పిన నాలుగు మాటలు, కత్తిరించి దాచుకున్న ఒక్క జుట్టుపాయ. ఆ పాయను సన్నగా తరిగి, నూరి, బొమ్మలో జుట్టుకు వాడే గోధుమరంగులో కలిపింది నేనే.

“చూడు, బాగా కుదిరింది” అని పిలిచారు ఒకరోజు.

చూశాను. పొయ్యిగట్టు తగిలి తెగిన ఎడమ కనుబొమ్మ. నవ్వబోయే ముందు లోపలికి లాక్కునే కింది పెదవి. ఏడాదిగా ఎక్కడ మర్చిపోతానో అని భయపడుతున్న ముఖం వేరే పిల్ల గౌను మీద కూర్చుని నన్నే చూస్తోంది.

“ఎవరి ముఖమండీ ఇది?”

“ఆల్మైరాది. ఇంకెవరిది?” అని, ఆయన కూడా చూశారు. కుంచె దించి, “నాకు తెలీకుండానే వచ్చేసింది కెజియా” అన్నారు. నమ్మాను. కానీ నేను అడిగితే రాని పిల్ల, పెటింగిల్ గారు అడిగితే వచ్చింది.

బొమ్మను దాచేద్దామనుకున్నాను. కానీ ఆ ముఖం చుట్టూ ఉన్న జుట్టు ఇంకో తల్లి కూతురిది. మరో పాయ లేదు.

మర్నాడు పెటింగిల్ గారి చుట్టాలొచ్చి చూసి వెళ్ళారు. ఆ తర్వాతి రోజు ఆయన భార్య నల్లబట్టల్లో వచ్చింది. బొమ్మ ముందు చాలాసేపు నిలబడి, మా ఆయన్ని కాదు, నన్నడిగింది.

“మా పిల్ల ముక్కు ఇలా ఉండేదా అమ్మా? నిన్న మా వాళ్ళంతా వచ్చి చూసి, అచ్చం ఆల్మైరానే అన్నారు. నేనే మర్చిపోతున్నానేమో.”

“దుఃఖంలో అలాగే అనిపిస్తుందమ్మా” అన్నారు మా ఆయన. “నాలుగు రోజులు గోడకుంటే అలవాటైపోతుంది.”

ఆవిడ తలూపింది. నేను నోరు మూసుకుంటే చాలు. లవీనా పెద్దింటి గోడ మీద చల్లగా ఉంటుంది, రోజూ ఒక తల్లి దాన్ని చూసుకుంటుంది. చూసి చూసి, తన పిల్ల ముఖం మాత్రం పోగొట్టుకుంటుంది.

“మీరు మర్చిపోలేదమ్మా. ఇది మీ పాప కాదు.”

“కెజియా!”

రంగు ఇంకా పచ్చిగానే ఉంది. ఆయన రంగుల పలక మీది కత్తి తీసుకుని నుదుటి దగ్గర మొదలుపెట్టాను. కనుబొమ్మ దగ్గర చెయ్యి ఆగింది. తర్వాత ఆగలేదు. పెదవి వరకూ గీకి, కత్తికి అంటింది నా ఆప్రన్‌కు తుడుచుకున్నాను.

“నీకేమైనా పిచ్చా? ఇప్పుడు ముఖం వేసేదెవరే?”

“నేను.”

కుంచె తీసుకుని ఆవిడ వైపు తిరిగాను.

“ముక్కు దగ్గర మొదలుపెడదామమ్మా. నా ముఖం మీద చూపించండి.”

ఆవిడ చేతి తొడుగు విప్పి, వేలు నా ముక్కు మీద పెట్టింది.

“ఇంతకంటే పొట్టిది” అంది.