రెండే తీగలు

నేను ఒక కేబుల్‌ను. పొడవు తొంభై ఒక్క సెంటీమీటర్లు. నా పెట్టె మీద మాత్రం మీటరు అని అచ్చయి ఉంది. నా ఒక కొస కంప్యూటర్‌లోకి వెళ్తుంది, రెండో కొస పాత రకం సెల్‌ఫోన్‌లోకి. ఇలాంటి కేబుల్ లోపల నాలుగు తీగలు ఉండాలి: ఎరుపు, నలుపు, తెలుపు, ఆకుపచ్చ. మొదటి రెండూ కరెంటు మోస్తాయి. తర్వాతి రెండూ ఫొటోలను, పాటలను, మనుషుల గొంతులను మోస్తాయి. నాలో ఎరుపు, నలుపు రెండే ఉన్నాయి. ఈ సంగతి ముందే చెప్తున్నాను. చివర్లో చెబితే దాచిపెట్టాననుకుంటారు.

నన్ను సముద్రం అవతల ఒక దేశంలో, రెండంతస్తుల షెడ్డులో చేశారు. కింద అంతస్తులో కేబుళ్ళు, పై అంతస్తులో కంప్యూటర్ల కింద పెట్టే ఫ్యాను స్టాండ్లు. నేను పుట్టిన రోజు మధ్యాహ్నం తెల్ల తీగ చుట్ట అయిపోయింది, ఆకుపచ్చదీ అయిపోయింది. బల్ల దగ్గర కూర్చున్న ఆవిడ చేయి పైకెత్తింది. మేస్త్రీ దూరం నుంచే రెండు వేళ్ళు చూపించాడు. అప్పటినుంచి సాయంత్రం దాకా తయారైన నాలుగు వందల కేబుళ్ళలో రెండేసి తీగలే పెట్టారు. ‘ఛార్జింగ్, డేటా’ అని పెట్టెలు అంతకు ముందే అచ్చయి ఉన్నాయి. అచ్చయిన పెట్టెలను ఎవరు పారేస్తారు? అక్కడ ఎవరూ అబద్ధం ఆడలేదు. పెట్టె ముందు పుట్టింది, నేను తర్వాత పుట్టాను, అంతే.

ఆషాఢంలో నన్ను ఉప్పాడ నుంచి ఒకాయన కొన్నాడు. పేరు అబ్బులు. బీచ్ రోడ్డులో సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు. ఎనిమిదేళ్ళ నాటి లాప్‌టాప్ ఒకటి ఉంది. అది వేడెక్కి పది నిమిషాలకొకసారి ఆగిపోయేది. అబ్బులు దాని కింద నాలుగు స్టీలు గ్లాసులు బోర్లించి, పక్కన టేబుల్ ఫ్యాను పెట్టి పని చేసుకునేవాడు. విసుగొచ్చి, విదేశీ అమ్మకందారు పేజీలో ఒక ఫ్యాను స్టాండు, దానితో పాటు నన్ను ఆర్డరు పెట్టాడు. మా కింద పన్నెండు వందల మంది ఐదేసి నక్షత్రాలు ఇచ్చి ఉన్నారు. వాళ్ళలో చాలామంది రాసింది ఒకటే: ‘పార్శిల్ బాగా వచ్చింది, ఇంకా విప్పలేదు.’ అబ్బులు అది చదివి ధైర్యం తెచ్చుకున్నాడు.

నన్నూ స్టాండునూ ఒకే సంచిలో పెట్టి ఓడ ఎక్కించారు. స్టాండుకు ఫ్యాన్లు రెండు. ఎడమ ఫ్యానుకు ఒక రెక్క కొస వంగి ఉంది. ఓడ ఊగినప్పుడు అది జాలీకి తగిలి చప్పుడు చేసేది: మూడుసార్లు వెంటవెంటనే, కాస్త ఆగి ఒకసారి. టిక్ టిక్ టిక్. టిక్. ఇనుప పెట్టెలో ఎన్నో రోజులు నేను విన్నది ఆ చప్పుడొక్కటే.

ఒక ఉదయం నాలోని రెండు తీగలూ వెచ్చబడ్డాయి. కరెంటు పారితేనే తీగ వెచ్చబడుతుంది. నా కొసలు రెండూ ప్లాస్టిక్ టోపీల్లో ఉన్నాయి, దేనికీ తగిలి లేవు. ఆ వెచ్చదనం ఎంతసేపు ఉందంటే, ఒక మనిషి దూరంగా ఉన్న ఓడను మూడుసార్లు కేకేసి పిలిచేంతసేపు. తర్వాత చల్లబడ్డాను. ఫ్యాను టిక్ మనడం కూడా కాసేపు ఆగింది. ఓడ మాత్రం ఆగలేదు.

ఇక్కడినుంచి చెప్పబోయేది నేను కొట్టులో విన్నది, చూసింది.

ఆ శ్రావణంలో మైలపల్లి ఎల్లాజీ అనే ఆయన వేటకు ఒక్కడే తెప్ప వేసుకుని వెళ్ళాడు. మామూలుగా అన్న సోమరాజు తోడు వెళ్తాడు. ఆ రోజు సోమరాజుకు జ్వరం. మూడో రోజున పక్క ఊరి వాళ్ళకు తెప్ప దొరికింది. వల విప్పలేదు. క్యారేజీ కట్టింది కట్టినట్టే ఉంది. కింది గిన్నెలో ఎల్లాజీ ఫోను, పాలిథీన్ కవరులో చుట్టి ఉంది. కవరులోకి ఉప్పునీరు దిగింది. తెర నల్లబడిపోయింది. మనిషి లేడు.

ఎల్లాజీకి రాయడం రాదు. ఏం గుర్తుపెట్టుకోవాలన్నా ఫోనులో మాట్లాడి దాచుకునేవాడు: వల ఎక్కడ వేశాడు, ఏ చేప పడింది, ఐసు ఎవరి దగ్గర తెచ్చాడు. అందుకని ఆయన భార్య నూకరత్నం ఆ ఫోను పట్టుకుని అబ్బులు దగ్గరికి వచ్చింది. ఆఖరి రోజు కూడా ఏదో మాట్లాడి ఉంటాడని ఆవిడ నమ్మకం. ఫోనును కంప్యూటర్‌కు కలిపితే గొంతులు ఇవతలికి వస్తాయని ఎవరో చెప్పారు.

అబ్బులు కొట్టులో ఉన్న రెండు కేబుళ్ళతోనూ ప్రయత్నించాడు. ఫోను కాస్త వేడెక్కిందే గానీ కంప్యూటర్‌లో కనబడలేదు. ఫోను పాడైందేమో అన్న అనుమానం అతనికి రావలసింది. రాలేదు. తప్పు కేబుళ్ళదే అనుకున్నాడు.

“ఇయి ఉత్త ఛార్జింగు వైర్లక్కా. డేటా వైరు కావాల. మంచిది ఫారిన్ నుంచి వత్తాంది” అన్నాడు.

నా గురించి అంత గౌరవంగా మాట్లాడినవాడు మళ్ళీ తగల్లేదు.

నూకరత్నం చేపల తట్ట దింపుకుని రోజూ కొట్టు ముందుకు వచ్చేదట. అబ్బులు పార్శిల్ పేజీ తెరిచి చూపించేవాడు.

“నీ వైరు నడిసొత్తందేటి తమ్ముడూ? నేను కాకినాడ ఎల్లి రెండు తట్టలు అమ్ముకొచ్చేను. అదింకా బయల్దేరనే లేదు.”

“బయల్దేరిందక్కా. ఇదిగో సూడు. సముద్రంలో ఉందంట.”

ఆవిడ నవ్వు ఆపేసి తెర వైపు చూసిందట. “సముద్రంలో ఉన్నది వత్తాదా అబ్బులూ?”

అబ్బులు పేజీ మూసేశాడు.

నూకరత్నం ఇంట్లో ఇంకో సంగతి నడుస్తోంది. శవం దొరకనివాళ్ళకు దర్భతో బొమ్మ కట్టి, దానికే నిప్పు పెట్టి కర్మ చేస్తారు. భాద్రపద అమావాస్యకు బొమ్మ కడదామని పెద్దలు ముహూర్తం పెట్టారు. బొమ్మ కాలితే నూకరత్నం గాజులు తీసెయ్యాలి. ఆవిడ ఒప్పుకోలేదు. “ఆయన ఏటి మాటాడేడో వినకుండా నేను ముట్టించనివ్వను” అంది. ఎల్లాజీ అన్న సోమరాజు కొట్టుకే వచ్చి అబ్బులును నిలదీశాడు.

“వైరు వైరని దానికి ఆశ పెట్టేవు. తమ్ముడు గాల్లో తిరుగుతున్నాడ్రా. ఓ దారి సూపొద్దా ఆడికి?”

“అమావాస్య లోపు వచ్చేత్తాదండి, సోమరాజు గారూ.”

“రాకపోతే?”

“రాకపోతే మీ ఇష్టం.”

అలా నా రాక ఒక మనిషి చావుకు గడువైంది. నేను అప్పటికి మద్రాసు రేవులో ఒక షెడ్డులో పడి ఉన్నాను.

అమావాస్యకు రెండు రోజుల ముందు నన్ను పోస్టుమ్యాన్ తెచ్చాడు. అబ్బులు ముందు స్టాండు తీసి లాప్‌టాప్ కింద పెట్టి, ప్లగ్గు పెట్టాడు. ఫ్యాన్లు తిరిగాయి. ఎడమది మొదలెట్టింది. టిక్ టిక్ టిక్. టిక్. “ఇదేటిది, కొత్తదానికే జబ్బా?” అంటూ దాన్ని తట్టాడు. అది ఆగలేదు. గాలి వస్తోంది కదా అని వదిలేశాడు. నూకరత్నానికి కబురు పంపాడు. ఆవిడతో పాటు సోమరాజు కూడా వచ్చాడు. గోడ గడియారంలో పదకొండు దాటింది.

అబ్బులు నా ఒక కొస లాప్‌టాప్‌లో గుచ్చాడు. రెండో కొస ఎల్లాజీ ఫోనులో గుచ్చాడు. ఆ రంధ్రంలో ఉప్పు పేరుకుని ఉంది.

కరెంటు నాలోంచి ఫోను వైపు వెళ్ళింది. అది నా పని, చేశాను. నాకు చేతనైంది అంతే. తర్వాత ఫోను వైపు నుంచి ఇటు ఏదో వచ్చింది. ఎరుపు తీగలో రాలేదు. నలుపులోనూ రాలేదు. రెంటి పక్కన, తెల్ల తీగ ఉండవలసిన ఖాళీలోంచి వచ్చింది. ఓడలో ఆ ఉదయం తెలిసిన వెచ్చదనమే అది.

తెర మీద ఒకే ఒక్క ఫైలు కనబడింది. అబ్బులు దాన్ని కాపీ చేసుకున్నాడు. ఫోను మళ్ళీ చల్లబడింది, తెర మీద దాని గుర్తు మాయమైంది. ఫైలు నిడివి తొమ్మిది సెకన్లు.

“పెట్టనా అక్కా?”

నూకరత్నం తల ఊపింది. ఫైలులో మొదటి ఆరు సెకన్లూ మాట లేదు. తర్వాత ఒక మగ గొంతు, పక్కనే నిలబడి పలికినట్టు:

“వత్తానే రత్నం.”

మొదట కదిలినవాడు సోమరాజు. బొమ్మ కట్టడానికి దర్భ కోయించి పెట్టినవాడు బల్ల పట్టుకుని ఏడ్చాడు.

“వత్తానన్నాడు! ఇన్నావా నూకరత్నం, వత్తానన్నాడు! ఏ ఓడవోళ్ళో ఎక్కించుకునుంటారు. బతికున్నోడికి బొమ్మ కడతామేటి? నేనిప్పుడే ఎల్లి పెద్దలకి సెప్తాను, వద్దని.”

“ఆగండి బావగారూ” అంది నూకరత్నం. “అబ్బులూ, ఇంకోపాలి పెట్టు.”

అబ్బులు మళ్ళీ పెట్టాడు. ఆవిడ బల్ల మీద చేతులు ఆనించి తల వంచి విన్నది.

“వచ్చేవోడు గుమ్మంలోకొచ్చి ‘వచ్చేను’ అంటాడు బావగారూ. ‘వత్తాను’ అనేది ఎల్లేటప్పుడు. ఎల్తన్నాననకూడదని వత్తానంటారు. పద్దెనిమిదేళ్ళు ఇన్నాను. నాకు తెల్దా?”

“అది కాదమ్మా...”

“ఆ రోజు సెప్పలేదు. ఉప్పుచేప మాడిందని అరిసేడు. తింటే తిను, లేకపోతే మానెయ్ అన్నాను. క్యారేజీ తీసుకుని సెప్పకుండా దిగిపోయేడు. పద్దెనిమిదేళ్ళలో ఆ ఒక్కరోజే సెప్పలేదు. నాకు అదే కావాల.” ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. “ఇప్పుడు సెప్పేడు.”

వేటకు వెళ్ళే మనిషి గుమ్మంలో ‘వత్తాను’ అంటాడు. లోపలినుంచి భార్య ‘ఊ’ అంటుంది. ఎక్కడికి, ఎప్పుడొస్తావు అని అడగదు. అతను వెనక్కి తిరిగి చూడడు. అక్కడ వాడుక అది.

నూకరత్నం ఫోను వైపు చూసింది.

“ఊ” అంది.

అమావాస్య ఉదయం ఒడ్డున బొమ్మ కాలిందని అబ్బులు కొట్టుకు వచ్చినవాళ్ళకు చెప్తుండగా విన్నాను. గాజులు ఎవర్నీ ముట్టుకోనివ్వలేదట. ఆవిడే తీసి, మోకాలి లోతు నీళ్ళలోకి వెళ్ళి వదిలి వచ్చిందట.

కథ అక్కడ ముగిస్తే నాకూ బాగుండేది.

నాలుగు రోజులకు సోమరాజు ఆ ఫైలు తన ఫోనులో ఎక్కించమని వచ్చి అడిగి వెళ్ళాడు. అబ్బులు ఎక్కించే ముందు ఒకసారి పెట్టి విన్నాడు. లాప్‌టాప్ చల్లగానే ఉందని స్టాండు ఆపేసి ఉంచాడు. మొదటి ఆరు సెకన్లు. ఆ రోజు వాళ్ళు ముగ్గురూ మాట కోసం ఎదురుచూశారు, మాటకు ముందున్నది ఎవరూ వినలేదు.

టిక్ టిక్ టిక్. టిక్.

అబ్బులు వంగి స్టాండు చూశాడు. ఫ్యాన్లు కదలడం లేదు. స్టాండు ప్లగ్గు పీకేసి, ఫైలు మళ్ళీ పెట్టాడు. మూడు, ఆగి ఒకటి. తర్వాత “వత్తానే రత్నం.” సముద్రం చప్పుడు లేదు, గాలి లేదు. ఎల్లాజీ మాట్లాడింది తెప్ప మీద కాదు. తిరుగుతున్న ఆ ఫ్యాను పక్కన మాట్లాడాడు. ఆ ఫ్యాను ఉప్పాడ వచ్చేసరికి ఎల్లాజీ పోయి నలభై రోజులు.

అబ్బులు ఎల్లాజీ ఫోను వెనుక మూత తీసి చూశాడు. లోపలి సర్క్యూట్ పలక మొత్తం ఉప్పు తినేసింది. వేలితో తాకితే పొడి రాలింది. అప్పుడు నా వంక చూశాడు. కత్తెర తీసుకుని నన్ను మధ్యకు కత్తిరించాడు. తొడుగు ఒలిచి, కొస వెలుతురులో పెట్టి లెక్కపెట్టాడు. ఎరుపు. నలుపు. ఇంకో ముక్క కూడా ఒలిచాడు. ఎరుపు, నలుపు. నన్ను బల్ల మీద పెట్టి, చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

ఆ సాయంత్రం అతని ఫోనుకు అమ్మకందారు నుంచి మెసేజ్ వచ్చింది. ‘మీరు కొన్న కేబుల్ చెప్పినట్టుగా పనిచేసిందా?’ కింద ఐదు నక్షత్రాలు ఖాళీగా ఉన్నాయి. అబ్బులు వేలు వాటి మీద చాలాసేపు ఆగింది. ఏదీ నొక్కకుండా మూసేశాడు. సోమరాజుకు ఫైలు పాడైపోయిందని చెప్పాడు. నూకరత్నానికి ఏమీ చెప్పలేదు. ఆవిడ చేపలమ్మి వెళ్తూ కొట్టు ముందు ఆగితే మంచినీళ్ళు ఇస్తాడు.

ఇప్పుడు నేను అబ్బులు కొట్టు సొరుగులో ఉన్నాను, రెండు ముక్కలుగా. ఫ్యాను స్టాండు కూడా ఇక్కడే ఉంది. దాని ప్లగ్గు అబ్బులు కోసేశాడు. లాప్‌టాప్ కింద మళ్ళీ స్టీలు గ్లాసులు వచ్చాయి.

తెప్పలు బయల్దేరే వేళ కొట్టు ఇంకా తెరవరు. ఒడ్డు మీద మోటార్ల చప్పుడు ఇక్కడిదాకా వినిపిస్తుంది. చాలా రోజులు అంతకు మించి ఏమీ ఉండదు. ఎప్పుడో ఒకరోజు మాత్రం నా పక్కన ఎడమ ఫ్యాను కదులుతుంది. మూడు, ఆగి ఒకటి. నా రెండు ముక్కలూ వెచ్చబడతాయి. ఆ రోజు ఎవరో ఇంట్లో చెప్పకుండా బయల్దేరారని నాకు తెలుస్తుంది.