ఎతేరి ఒక్కసారీ నిలబడలేదు

మా జర్మన్ టీచరు ఓస్టర్లో మేడం క్లాసులో ఒకటే నియమం. వస్తువు పేరు ముందు తప్పు ఆర్టికల్ పెట్టినవాళ్ళు లేచి నిలబడాలి. ఇంకొకరు తప్పు చెప్పేదాకా కూర్చోడానికి లేదు. జర్మన్‌లో చెంచా మగాడు, దుప్పటి ఆడది, తలగడ రెండూ కాదు. దాన్నిబట్టి ముందు డేర్, డీ, డాస్‌లలో ఏదో ఒకటి తగిలించాలి. ఎందుకలా అని అడిగితే మేడంకి ఒళ్ళు మండేది.

"మీ పేరు మీకెందుకు పెట్టారో మీకు తెలుసా? తెలియదు కదా. అయినా పిలిస్తే పలుకుతున్నారు. ఇదీ అంతే."

ఆ తొమ్మిది నెలల్లో నేను కూర్చున్న నిమిషాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. "ద్రిత గారూ, మళ్ళీ మీరేనా? మీ కుర్చీ ఇంకెవరికైనా ఇచ్చేద్దామా?" అనేది మేడం. అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. నవ్వకపోతే ఏడుస్తున్నానని అనుకుంటారు కదా.

ఎతేరి మాత్రం ఒక్కసారీ నిలబడలేదు.

ఇద్దరం ఏడాది వీసా మీద వచ్చి ఒకే వృద్ధాశ్రమంలో సేవా సంవత్సరం చేస్తున్నాం. నేను అల్బేనియా నుంచి, తను జార్జియా నుంచి. జర్మనీలో కాసెల్ అనే ఊళ్ళో ఆశ్రమంవాళ్ళిచ్చిన గదిలో ఇద్దరం ఉండేవాళ్ళం. పొద్దున ముసలివాళ్ళ పక్కలు మార్చడం, మధ్యాహ్నం క్లాసు. తనకి ఇరవైతొమ్మిది, నాకు ఇరవైనాలుగు. అక్కా అనేదాన్ని.

మా వంటింట్లో అన్నిటికీ చీటీలు అంటించింది. మగవాటికి నీలం, ఆడవాటికి ఎరుపు, మిగతావాటికి పచ్చ. ఉప్పు డబ్బా, తలుపు గడియ, చివరికి నా టూత్‌బ్రష్షు కూడా. మాట్లాడేటప్పుడు ఒక్కో మాట ముందు ఆగేది. ఆ చీటీ రంగు కళ్ళ ముందుకు వచ్చేదాకా నోరు విప్పేది కాదు. రంగు కనబడ్డాక చెప్పిన మాటలో తప్పు ఉండేది కాదు. మేడం తనని చూసి మురిసిపోయేది. "ఎతేరి గారు ఆలోచించి మాట్లాడతారు. మీరంతా మాట్లాడాక కూడా ఆలోచించరు."

మా క్లాసులో మునీర్ అని ఒక సిరియా అబ్బాయి, రొట్టెల బట్టీలో పని. వాడు నాకు ఒక కిటుకు చెప్పాడు. "డ అని సగం మింగెయ్. వినేవాడు తనకి కావలసింది తనే వినేసుకుంటాడు. నేనలాగే రెండేళ్ళుగా బతుకుతున్నా." మేడం దగ్గర సాగలేదు గానీ, బయట దుకాణాల్లో ఆ కిటుకు ఒక్కసారీ దెబ్బతినలేదు.

మే నెలలో ఆశ్రమం పెద్ద క్రాన్త్స్ మేడం మా ఇద్దర్నీ పిలిచింది. సెప్టెంబర్ నుంచి నర్సు శిక్షణకి ఒక్కటే సీటుంది, జూన్‌లో భాషా పరీక్ష పాసవ్వాలి అంది. "ఎతేరి పాసయితే ఎతేరికే. ముసలివాళ్ళు తనకి అలవాటు పడ్డారు. తను తప్పితే నీకు, ద్రితా. ఇద్దరూ తప్పితే ఎవరికీ లేదు." నా మొహం మీదే చెప్పింది. ఈ ఊళ్ళో ఏదైనా మొహం మీదే చెప్తారు, దాన్ని నిజాయితీ అంటారు.

సీటు రానివాళ్ళు సేవా కాలం అయ్యాక ఇంటికి పోవాలి. ఎతేరికి ఇల్లంటే వాళ్ళ ఊరు జెస్తఫోనిలో మాజీ మొగుడి ఇల్లే. విడాకులయ్యాయి గానీ, వేరే గూడు లేదు. బయల్దేరేరోజు వాడు బస్సు దాకా వచ్చి, "ఏడాదిలో తిరిగొస్తావు. తాళం వెయ్యనులే" అన్నాడట. చేయి ఎత్తేవాడా అని అడిగాను ఒకసారి. తను ఉల్లిపాయ తరగడం మొదలెట్టింది. నాకు ఆ జవాబు చాలింది.

నాకు ఇంటి దగ్గర అలాంటి భయమేమీ లేదు. షకోద్రలో మా పిన్ని దర్జీ కొట్టుంది, వెళ్తే మిషను ముందు కూర్చోబెడుతుంది. నేను వెళ్ళదలుచుకోలేదు, అంతే. నేను మంచిదాన్నని చెప్పుకోవడానికి ఇది చెప్పట్లేదు.

నోటి పరీక్ష జోడీగా ఉంటుంది. ఇద్దరికీ ఒక పని ఇస్తారు, ఇద్దరూ మాట్లాడుకుని ఏర్పాటు చెయ్యాలి. మా ఇద్దర్నీ ఒక జోడీ వేశారు. ముందురోజు వంటింట్లో ఎతేరి నా చేయి పట్టుకుంది.

"నేను ఆగిపోతే అవునో కాదో చెప్పే ప్రశ్న ఏదైనా అడుగు. అవును అన్నానంటే చాలు, నోరు తెరుచుకుంటుంది. తర్వాత నేను చూసుకుంటా."

"అడుగుతాలే అక్కా."

"మర్చిపోవు కదా?"

"నీ చీటీల మీద ఒట్టు."

తను నవ్వింది. ఎతేరి నవ్వడం అరుదు.

మర్నాడు మాకిచ్చిన పని, ఉద్యోగం మానేసి వెళ్తున్న ఒకావిడకి వీడ్కోలు విందు. ఎదురుగా ఇద్దరు పరీక్షకులు, ఒకడి చేతిలో పెన్సిలు. నేను మొదలెట్టాను. డ డ అని మింగుతూ గది అలంకరణ, సంగీతం, ఎవరెవరు వస్తారు, అన్నీ గలగలా చెప్పేశాను. ఒక్క ఆర్టికల్ కూడా సరిగ్గా పెట్టి ఉండను. పెన్సిలువాడు తలూపుతూనే ఉన్నాడు.

ఎతేరి వంతు వచ్చింది. "నాకు... ఆ..." అంది. కళ్ళు పైకప్పు మీదికి వెళ్ళాయి. రంగు వెతుక్కుంటోంది. ఆ గదిలో చీటీలు లేవు. మళ్ళీ "ఆ..." అంది. తర్వాత నా వైపు చూసింది.

నేను అడగాల్సింది ఇదీ: కేకు తీసుకుందామా? అవును అనేది. నోరు తెరుచుకునేది. సీటు తనది.

"అయితే ఏమేం కొందాం?" అని అడిగాను.

అది విని తన మొహంలో రంగు మారింది. ఏమేం అంటే వరసగా వస్తువుల పేర్లు చెప్పాలి. ఒక్కోదానికీ ముందు ఒక్కో ఆర్టికల్. నాకా సంగతి తెలుసు. తెలిసే అడిగాను. తను పెదాలు కదిపింది, మాట రాలేదు. గోడ గడియారంలో ముల్లు తిరుగుతోంది. పెన్సిలువాడు మెల్లగా, "తొందర లేదు, తప్పయినా ఫరవాలేదు, చెప్పండి" అన్నాడు. తప్పయినా ఫరవాలేదన్న మాట ఆమె ఈ దేశంలో మొదటిసారి విని ఉంటుంది. నమ్మలేదు. మిగిలిన టైమంతా నేనే మాట్లాడి నింపాను. నాకు మంచి మార్కులు వచ్చాయి.

బయటికొచ్చాక తను సంచి భుజాన వేసుకుని నా ముందు నడిచింది. తిట్టి ఉంటే బాగుండేది. నేను తిరిగి తిట్టేదాన్ని.

సీటు నాకొచ్చింది. ఎతేరికి జాలిపడి సేవా కాలం ఇంకో ఆరు నెలలు, ఫిబ్రవరి దాకా, పొడిగించారు. అక్టోబర్‌లో మళ్ళీ పరీక్షకి వెళ్ళింది. ఈసారి పేరు చెప్పి ఆగిపోయిందట. ఎతేరి ఎందుకు తప్పిందో ఓస్టర్లో మేడం క్లాసులో ఎవరికీ అర్థం కాలేదు. మేడంకి అసలే కాలేదు. "పరీక్షకుల ప్రమాణాలు పడిపోయాయి" అంది.

గదిలో ఇద్దరం అలాగే ఉన్నాం. జూన్ తర్వాత తను నాతో ఒక్క జర్మన్ ముక్క మాట్లాడలేదు. మా మధ్య వేరే భాష లేదు కాబట్టి అసలు మాటే లేదు. నేను రాసే డ్యూటీ రిపోర్టుల చిత్తు కాపీలు మాత్రం వంటింటి బల్ల మీద పెట్టేదాన్ని. పొద్దునకల్లా పెన్సిల్‌తో దిద్ది ఉండేవి. ప్రతి డేర్, ప్రతి డాస్ సరిచేసి ఉండేది. నామీద ప్రేమతో కాదు. తప్పు కళ్ళ ముందుంటే తనకి ఊపిరాడదు. నాకా సంగతి తెలుసు కాబట్టే బల్ల మీద పెట్టేదాన్ని. తను దిద్దేది, నేను శుభ్రంగా రాసి సంతకం పెట్టేదాన్ని.

ఫిబ్రవరిలో క్రాన్త్స్ మేడం నన్ను పిలిచింది. ఎతేరి కోసం, వెళ్ళిపోయేవాళ్ళకి ఇచ్చే పని యోగ్యతా పత్రం చిత్తు రాయమంది. "నీకు బాగా తెలిసిన మనిషి. భాష గురించి రాయాలా వద్దా నీ ఇష్టం."

ఇష్టం నాది. రాశాను. పనిలో శ్రద్ధ ఉంది, వృద్ధులకి ఇష్టురాలు, కానీ భాష మీద పట్టు చాలనందువల్ల శిక్షణకి సిఫారసు చెయ్యలేం. ఆ కడపటి వాక్యం లేకపోతే ఇంకో ఊళ్ళో ఇంకో ఆశ్రమం ఆమెను తీసుకుంటుంది. తీసుకుంటే ఎవరో ఒకరు, భాష ఇంత బాగా వచ్చినమ్మాయి ఎలా తప్పిందని అడుగుతారు. నాకది అక్కర్లేదు.

ఆ చిత్తు కూడా బల్ల మీదే పెట్టాను. ఎందుకు పెట్టానో ఇప్పటికీ నన్ను నేను అడగను. అలవాటు అనుకోండి.

పొద్దున్న లేచేసరికి ఎతేరి కోటు వేసుకుని కుర్చీలో కూర్చుని ఉంది. పక్కన సూట్‌కేసు. కాగితం నా వైపు జరిపింది. మూడు చోట్ల దిద్ది ఉంది. భాష అన్న మాట ముందు నేను తప్పు ఆర్టికల్ పెట్టాను, దాన్ని కొట్టేసి సరైంది రాసింది. ఆ కడపటి వాక్యాన్ని మాత్రం ముట్టుకోలేదు.

"ఇప్పుడు తప్పుల్లేవు," అంది జర్మన్‌లో. ఎక్కడా ఆగకుండా అంది.

సూట్‌కేసు తీసుకుని స్టేషనుకి వెళ్ళిపోయింది.

నేను కాగితం శుభ్రంగా ఎత్తి రాసి క్రాన్త్స్ మేడంకి ఇచ్చాను. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని పైనుంచి కిందిదాకా చదివి, సంతకం చేసి, అది జెస్తఫోని చిరునామాకి పంపమని గుమాస్తాకి ఇచ్చింది.

"ఒక్క తప్పు కూడా లేదు ద్రితా," అంది సంతోషంగా. "ఎవరు నేర్పారు నీకు?"

"ఓస్టర్లో మేడం," అన్నాను.